ఒకే క్రియ, ఇరవై పనులు: సింగపూర్‌లో చైనీస్ చదివే మన పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్ స్కూళ్లలో ఇంగ్లీషుతో పాటు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ 'మాతృభాష' అనే సబ్జెక్టు ఉంటుంది. చైనీస్, మలయ్, తమిళం ప్రధానమైనవి. తమిళం కాని భారతీయ భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అందుకే మనవాళ్లు ఎక్కువమంది హిందీయో తమిళమో తీసుకుంటారు, మాలాంటి కొందరు చైనీస్ తీసుకుంటారు. మా పాప ఇప్పుడు ప్రైమరీ ఐదు. ఈ ఐదేళ్లలో నన్ను అడిగిన తల్లిదండ్రులందరూ తిరిగి తిరిగి ఒక్కచోటికే వచ్చారు: వస్తువుల పేర్లు వచ్చేస్తున్నాయి, క్రియల దగ్గరే తికమక. అడిగినప్పుడల్లా మళ్లీ మళ్లీ టైపు చేసే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు.

చైనీస్ మాటల్ని తెలుగు లిపిలోనే రాశాను. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, 'డీ' అక్షరంతో రాసేది చెవికి మన 'త'కి దగ్గరగా, 'టీ' అక్షరంతో రాసేది మన 'థ'కి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి అలాగే రాశాను. స్వరాలు, అంటే టోన్లు, తెలుగులో చూపించలేం. అవి టీచర్ నోటి నుంచి వినాల్సిందే.

## చేర్చే ముందు

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, మళ్లీ చైనీస్. మూడు భాషల క్రియలు బుర్రలో కలిసిపోవా?

కలుస్తాయి. ఆ కలవడం మీకు వినిపిస్తుంది కూడా. కానీ అది చెడిపోవడం కాదు. పిల్లలు కొత్త భాషలో క్రియ వినగానే తమకి తెలిసిన భాషలో దానికి దగ్గరి క్రియని పక్కన పెట్టుకుని, అది పనికొచ్చే ప్రతిచోటా ఇదీ పనికొస్తుందనుకుని వాడేస్తారు. కొన్నిచోట్ల కుదురుతుంది, కొన్నిచోట్ల కుదరదు. కుదరనిచోట ఎవరో ఒకరు సరైన మాట వాడగా విని మెల్లగా సర్దుకుంటారు. రెండు భాషల పిల్లలందరూ ఈ దారిలోనే నడుస్తారు, ఇంట్లో చైనీస్ మాట్లాడే పిల్లలతో సహా. మూడో భాష ఉండటం వల్ల పోల్చుకోవడానికి ఇంకో క్రియ దొరుకుతుంది, అంతే.

చైనా పిల్లలకి క్రియలు తొందరగా వస్తాయంటారు, నిజమేనా?

నిజమే. ట్విలా టార్డిఫ్ అనే పరిశోధకురాలు 1996లో చూపించింది ఇదే. రెండేళ్లు నిండని మాండరిన్ (స్కూల్లో నేర్పే చైనీస్ ఇదే) పిల్లల మాటల్లో క్రియలు పేర్లతో సమానంగా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. ఇంగ్లీషు పిల్లలు మొదట్లో బంతి, కుక్క, పాలు అంటూ పేర్లే ఎక్కువ చెబుతారు. దీనికి కారణం వాక్యంలోనే ఉంది. చైనీస్‌లో కర్తని వదిలేయొచ్చు, కర్మనీ వదిలేయొచ్చు, చివరికి క్రియ ఒక్కటే మిగిలి బిడ్డ చెవిన పడుతుంది. పైగా క్రియ రూపం మారదు, నిన్నకీ రేపటికీ అదే మాట. మనమూ "తిన్నావా?" "ఇచ్చెయ్" "పడతావు!" అని ఒక్క క్రియతోనే పిల్లలతో మాట్లాడేస్తాం కదా. కాబట్టి తెలుగింటి పిల్లలకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

## ప్రైమరీ ఒకటి, రెండు

'తా' అంటే కొట్టడం అని చెప్పారు. ఇప్పుడు ఫోన్‌కీ తా, ఇంజెక్షన్‌కీ తా, గొడుగుకీ తా! అసలు దీనికి ఎన్ని అర్థాలండీ?

పెద్ద నిఘంటువుల్లో ఇరవైకి పైనే ఉంటాయి. ఫోన్ చేయడం, బాస్కెట్‌బాల్ ఆడటం, టైపు చేయడం, గొడుగు పట్టడం, సూది వేయడం, ఆవలించడం, తుమ్మడం, ఉరమడం, ఉద్యోగానికి పోయి కష్టపడటం, ధర తగ్గించడం, అన్నీ తాతోనే మొదలవుతాయి. ఈ జాబితా చూసి టెన్షన్ పడకండి, ఎందుకంటే పిల్లలు దీన్ని జాబితాగా నేర్చుకోరు. 'తా త్యెన్‌హ్వా' అంటే ఫోన్ చేయడం, అది వాళ్లకి ఒకే ముద్ద. 'తా చెన్' అంటే ఇంజెక్షన్, అది ఇంకో ముద్ద. రెండింటిలోనూ ఉన్నది ఒకే తా అన్న సంగతి ఆరేళ్ల పిల్లకి తట్టకపోవచ్చు, తట్టకపోయినా నష్టం లేదు.

తెలుగులో మనం 'కొట్టు' ఎలా నేర్చుకున్నామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. చప్పట్లు కొట్టడం, ఈత కొట్టడం, కాపీ కొట్టడం, బోరు కొట్టడం, కొబ్బరికాయ కొట్టడం. దెబ్బ నుంచి ఈతకి అర్థం ఎలా పాకిందో ఎవరూ మనకి చెప్పలేదు. ఈతతో కలిపి విన్నాం, ఈతతో కలిపే అన్నాం.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైనది. చైనీస్‌లో తా పక్కన ఫలితం చెప్పే మాట చేరుస్తారు. 'తాఫ్వో' అంటే కొట్టి పగలడం, 'తాత్వాన్' అంటే కొట్టి విరగడం, 'తాపాయ్' అంటే కొట్టి ఓడటం. మనకి పగలగొట్టు, విరగ్గొట్టు, ఓడగొట్టు ఉన్నాయి. వాళ్లు కొట్టడం ముందు పెడితే మనం వెనక పెడతాం. మా పాపకి ఈ మూడూ పక్కపక్కన రాసి చూపిస్తే ఆ తరహా మాటలన్నీ తనే పట్టుకుపోయింది. ఇంగ్లీషులో బ్రేక్, స్నాప్, డిఫీట్ అని వేటికవే కాబట్టి అక్కడ ఈ సాయం దొరకదు.

మా అమ్మాయి "లైటు తియ్యమ్మా" అంటే ఆపేశాను, అది వెయ్యమని అట! ఎందుకలా అంటోంది?

మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగింది. చీకట్లో నిలబడి "తియ్యమన్నాగా" అని ఏడ్చింది కూడా. కారణం 'ఖాయ్' అనే క్రియ. తలుపు తియ్యడం, లైటు వెయ్యడం, టీవీ పెట్టడం, అన్నీ చైనీస్‌లో ఖాయే. దానికి ఎదురు 'క్వాన్': తలుపు వెయ్యడం, లైటు ఆపడం.

ఇప్పుడు తెలుగు చూడండి. తలుపు 'వెయ్యి' అంటే మూసెయ్యమని, లైటు 'వెయ్యి' అంటే వెలిగించమని. తలుపు 'తియ్యి' అంటే తెరవమని, లైటు 'తీసెయ్యి' అంటే ఆర్పమని. చైనీస్‌లో తలుపూ లైటూ ఒకే జట్టు, తెలుగులో అవి ఎదురెదురు జట్లు. పాప ఖాయ్‌ని తలుపు దగ్గర 'తియ్యి'తో జత చేసుకుని, అదే జతని లైటు మీదికి తీసుకొచ్చింది. తప్పు తెలుగులో వినిపించింది కానీ చైనీస్ మాత్రం గట్టిగా కుదురుకుందని దాని అర్థం. ఇక్కడి సింగపూర్ ఇంగ్లీషులోనూ "ఓపెన్ ద లైట్" అనడం రోజూ వింటాం, దాని వెనక ఉన్నదీ ఈ ఖాయే.

ఏం చేయాలంటే, "లైటు వెయ్యాలా? వేశాను" అని మామూలుగా అనండి చాలు. మా పాపకి మూడు నాలుగు నెలల్లో సర్దుకుంది. ఖాయ్‌కి ఇంకా పనులున్నాయి: కారు నడపడం, మీటింగ్ పెట్టడం, పువ్వు విచ్చుకోవడం, నీళ్లు మరగడం, డాక్టరు మందు రాయడం. అవన్నీ తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా వస్తాయి.

పియానోకి 'వాన్' అన్నాడని టీచర్ రెడ్ పెన్‌తో కొట్టేసింది. వాన్ అంటే ప్లే కాదా?

వాన్ అంటే సరదాగా ఆడుకోవడం. ఇంగ్లీషు 'ప్లే' చేసే పనులన్నీ అది చేయదు. చైనీస్‌లో చెయ్యి ఏం చేస్తుందో, కాలు ఏం చేస్తుందో దాన్ని బట్టి క్రియ మారుతుంది. పియానోకి వేళ్లతో మీటే 'థాన్', వయొలిన్‌కి లాగే 'లా', వేణువుకి ఊదే 'ఛ్వేయ్', ఫుట్‌బాల్‌కి తన్నే 'థీ', బాస్కెట్‌బాల్‌కి కొట్టే 'తా', చదరంగానికి ఎత్తు దించే 'ష్యా'. ఇంగ్లీషే ముందున్న పిల్లలు అన్నిటికీ వాన్ పెట్టేస్తారు, ఇంట్లో చైనీస్ ఉన్న పిల్లలూ పెడతారు. తెలుగు వైపు నుంచి వెళితే సగం పని అయిపోతుంది. మనం వేణువు ఊదుతాం, వీణ మీటుతాం, డోలు కొడతాం. "నువ్వు వీణ ఆడతావా?" అని అడిగి చూడండి, వాడికే నవ్వొస్తుంది. ఆటల దగ్గర మాత్రం తెలుగు సాయపడదు, మనకి అన్నీ 'ఆడటమే'.

వేసుకోవడానికి రెండు క్రియలు ఎందుకు? ఎప్పుడూ కలిపేస్తోంది.

'ఛ్వాన్' ఒళ్లు దూర్చే వాటికి: చొక్కా, ప్యాంటు, సాక్సులు, బూట్లు. 'తాయ్' పైన పెట్టుకునే వాటికి: టోపీ, కళ్లజోడు, వాచీ, ఉంగరం, మాస్క్. ఇది తెలుగులో 'వేసుకో', 'పెట్టుకో' తేడాకి చాలా దగ్గర. చొక్కా వేసుకో, టోపీ పెట్టుకో. గొలుసు, చేతి తొడుగులు మాత్రం జాగ్రత్త: మనం వేసుకుంటాం అంటాం, చైనీస్‌లో అవి తాయ్ వైపు. ఈ రెండూ చెబితే మిగతావి వాళ్లే చూసుకుంటారు.

## ప్రైమరీ మూడు, నాలుగు

చిన్నప్పుడు బాగానే చెప్పేది, ఇప్పుడు పెద్దయ్యాక తప్పులు ఎక్కువయ్యాయి. వెనక్కి వెళ్తోందా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు తల్లుల గొంతులో బెంగ తెలుస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వెనక్కి వెళ్లడం లేదు.

చైనీస్‌లో వస్తువుని పట్టుకోవడానికి, మోయడానికి చాలా క్రియలున్నాయి. చేత్తో పట్టుకుంటే 'నా', వీపున వేసుకుంటే 'పేయ్', గుండెకి హత్తుకుంటే 'పావ్', పిడి పట్టి వేలాడదీస్తే 'థీ', భుజం మీద పెడితే 'ఖాంగ్', వేడి గిన్నెని ఒలకకుండా తెస్తే 'త్వాన్'. నొబురో సాజీ, ముత్సుమి ఇమాయ్ బృందం 2011లో ఇలాంటి పదమూడు క్రియలు తీసుకుని చైనాలోనే మూడేళ్ల, అయిదేళ్ల, ఏడేళ్ల పిల్లల్ని, పెద్దవాళ్లని పోల్చి చూశారు. చిన్నపిల్లలు కొద్ది మాటలతోనే అన్నీ నెట్టుకొస్తున్నారు. ఏడేళ్ల పిల్లలకి మాటలు చాలానే వచ్చినా ఒక క్రియ ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందన్నది పెద్దవాళ్లలా లేదు. అదీ ఆ భాషే మాతృభాషగా పుట్టి పెరిగిన పిల్లలు!

పొలాల మధ్య గట్లు అనుకోండి. ముందు 'నా' అనే ఒక్క ఆసామిదే ఊరంతా. 'పేయ్' రాగానే వీపు వైపు ముక్క దానికి పోతుంది, 'త్వాన్' రాగానే గిన్నెల వైపు ముక్క దానికి. కొత్త మాట వచ్చిన ప్రతిసారీ పాత మాట గట్టు జరుగుతుంది. మీ అమ్మాయి ఒకప్పుడు అన్నిటికీ నా అనేసింది, అది పెద్ద తప్పుగా వినిపించలేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు స్కూలు బ్యాగుకి త్వాన్ అంటోందంటే తన దగ్గర త్వాన్ ఉందన్నమాట, గట్టు ఎక్కడ వేయాలో మాత్రం ఇంకా తెలియలేదు. నేనైతే ఈ రెండో తప్పునే ముందడుగు అంటాను.

జుట్టు కత్తిరించడానికి 'ఛ్యె' అన్నాడట. కట్ అంటే అదే కదా?

ఛ్యె అంటే కత్తితో బల్ల మీద పెట్టి తరగడం. కత్తెరతో అయితే 'చ్యెన్', గొడ్డలితో నరికితే 'ఖాన్'. ఇంగ్లీషు 'కట్' వదిలేసి తెలుగులో చెప్పండి: తరుగు, కత్తిరించు, నరుకు. ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది.

'ఖాన్' అంటే చూడటం అయితే పుస్తకానికి, డాక్టరుకి కూడా అదే ఎందుకు?

చూడటానికి వాడే ఖాన్ స్వరం వేరు, నరకడానికి వాడే ఖాన్ స్వరం వేరు, అక్షరమూ వేరే. చూసే ఖాన్‌తోనే పుస్తకం మనసులో చదువుకోవడం, టీవీ చూడటం, ఫ్రెండుని కలవడం చెబుతారు. గట్టిగా చదవడానికి మాత్రం వేరే క్రియలున్నాయి. డాక్టరు సంగతి బాగుంటుంది. 'ఖాన్‌పింగ్', అంటే జబ్బు చూడటం, రోగి వెళ్లినా అదే మాట, డాక్టరు పరీక్షించినా అదే మాట. మనం "డాక్టరుకి చూపించుకున్నాం" అంటాం కాబట్టి మన పిల్లలు ఎవరు ఎవరిని చూశారో తెలియక ఆగిపోతారు. ఎవరికి జ్వరం వచ్చిందో చూడమని చెప్పండి, మిగతాది కథే చెబుతుంది.

అక్షరం చూస్తే అర్థం తెలుస్తుందంటారు. అక్షరాలు నేర్పితే క్రియలు సులువవుతాయా?

కొంతవరకే. తాకి ఎడమవైపు చెయ్యి గుర్తు ఉంటుంది, హత్తుకునే పావ్‌కి, భుజాన మోసే ఖాంగ్‌కి కూడా. తన్నే థీకి కాలి గుర్తు, తినే, తాగే, ఊదే క్రియలకి నోటి గుర్తు. ఏ అవయవం పని చేస్తోందో తెలుస్తుంది, అది మంచి ఆసరా. కానీ ఫోన్‌కీ ఇంజెక్షన్‌కీ ఉరుముకీ తా అక్షరం ఒకటే, ఇక్కడ ఏ అర్థమో పక్కనున్న పదమే చెప్పాలి. ఇంకోటి, ఖాయ్ పాత అక్షరంలో తలుపు బొమ్మ ఉండేది. సింగపూర్‌లో నేర్పే సరళ అక్షరంలో ఆ తలుపు తీసేశారు. పాత రూపం ఒకసారి చూపించండి, పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

ఒక్కో క్రియకి అర్థాలన్నీ చార్టు రాసి బట్టీ పట్టిస్తే తొందరగా వస్తాయి కదా?

నేను చేశాను, గోడకి అంటించాను కూడా, పని చేయలేదు. పాప "తా అంటే కొట్టు, ఆడు, పట్టు, వేయి" అని గడగడా చెప్పేది, కానీ వాక్యం రాయమంటే ఏది ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. క్రియని ఒంటరిగా నేర్పడమే అక్కడ జరిగిన పొరపాటు. 'గొడుగు' అనగానే 'తా సాన్' నోటికి రావాలి. అందుకని చార్టు తిప్పేశాం: ఎడమవైపు వస్తువు, కుడివైపు దాని క్రియ. గొడుగు, ఫోను, టోపీ, సంచి, మందు. మందుకి 'ఛి', అంటే తినడం. మనం మందు వేసుకుంటాం, ఇంగ్లీషులో తీసుకుంటారు, చైనీస్‌లో తింటారు. ఇలా వారానికి ఐదు జతలు చాలు.

## ప్రైమరీ ఐదు, ఆరు

పీఎస్‌ఎల్‌ఈలో (ప్రైమరీ ఆరు చివర రాసే పెద్ద పరీక్షలో) ఈ తప్పులకి మార్కులు పోతాయా?

పోతాయి. ఖాళీలు పూరించే చోట దగ్గరి క్రియలే ఎంపికలుగా ఇస్తారు, వ్యాసంలో క్రియ తప్పయితే వాక్యమే అతకదు. మౌఖికంలో వీడియో చూపించి మాట్లాడమంటారు, అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో చెప్పాలి కాబట్టి క్రియలదే బరువంతా. ఇంట్లో ఏదైనా చిన్న వీడియో మాట లేకుండా పెట్టి "ఆ అమ్మ ఏం మోస్తోంది, ఎలా మోస్తోంది?" అని అడిగి చైనీస్‌లో చెప్పించండి. మీకు జవాబు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, తడబడ్డ చోటు మీకు తెలుస్తుంది. అది రాసి టీచర్‌కి పంపండి.

ట్యూషన్ పెట్టించాలా?

పెట్టించే ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. వర్క్‌షీట్లు నింపించడమే అయితే వద్దు. పిల్లలతో మాట్లాడించే టీచర్ దొరికితే వారానికి గంటైనా మేలే.

## ఇంట్లో

తప్పు మాట్లాడిన వెంటనే సరిదిద్దాలా?

ఆపి సరిదిద్దితే మాట్లాడటమే తగ్గించేస్తారు. మీకు సరైన రూపం తెలిస్తే మీ జవాబులో దాన్ని వాడండి. తెలియకపోతే "మీ టీచర్ కూడా ఇలాగే అంటారా?" అని అడగండి, మర్నాడు వాళ్లే కనుక్కుని వస్తారు.

క్లాసులో చైనీస్ పిల్లలతో మావాడు ఎప్పటికీ పోటీ పడలేడేమో?

ఆ పిల్లలందరి ఇళ్లలో చైనీసే మాట్లాడుతున్నారనుకోకండి. 2020 జనాభా లెక్కల ప్రకారం సింగపూర్‌లో ఐదేళ్లు దాటిన నివాసుల్లో 48.3 శాతం మంది ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఇంగ్లీషు, 29.9 శాతం మంది మాండరిన్. మాండరిన్ మాట్లాడండి అని 1979 నుంచి ప్రభుత్వమే ఉద్యమం నడుపుతున్నా, పదేళ్ల ముందటి లెక్కల్లో పైన ఉన్న మాండరిన్‌ని ఇంగ్లీషు దాటేసింది. మీవాడి పక్కన కూర్చున్న చైనీస్ పిల్లాడు కూడా పియానోకి వాన్ అనే రకమే అయ్యుండొచ్చు. తేడా ఎక్కడంటే, వాళ్ల అమ్మమ్మో నాన్నమ్మో ఇంట్లో సరైన మాట అంటుంటే వింటారు. మనకి ఆ వినికిడి లేదు. దాన్ని కథల ఆడియోతోనో, లైబ్రరీ పుస్తకాలతోనో, కింద ఆడుకునే పిల్లలతోనో పూడ్చుకోవాలి.

చైనీస్ బాగా రావాలంటే తెలుగు తగ్గించమని ఒకరు చెప్పారు. తగ్గించమంటారా?

వద్దు, దయచేసి తగ్గించకండి. క్రియల్లో మన పిల్లలకి దొరికే సాయంలో చాలా భాగం తెలుగు నుంచే వస్తోంది. కత్తిరించడానికీ తరగడానికీ తేడా, వేసుకోవడానికీ పెట్టుకోవడానికీ తేడా, పగలగొట్టు, విరగ్గొట్టు లాంటి మాటల అల్లిక, ఇవన్నీ ఇంగ్లీషులో అంత తేలిగ్గా దొరకవు. తెలుగు తగ్గిస్తే ఆ చోటు చైనీస్‌కి దక్కదు, ఇంగ్లీషుకి పోతుంది.

సెలవుల్లో ఇండియా వెళ్తే నెల రోజులు చైనీస్ ఉండదు. అంతా మర్చిపోతుందేమో?

కొంచెం తుప్పు పడుతుంది, వచ్చాక రెండు వారాల్లో వదులుతుంది. ఒకటి రెండు కథల పుస్తకాలు సూట్‌కేసులో పెట్టండి, ఫ్రెండుకి వారానికోసారి ఫోన్ చేయించండి. కిందటి డిసెంబరులో రాజమండ్రిలో మా నాన్నగారు పాపని వెంటబెట్టుకుని సైకిల్ షాపుకి వెళ్లి "గాలి కొట్టవయ్యా" అన్నారట. అది ఇంటికి పరిగెత్తుకొచ్చింది. చైనీస్‌లో టైరుకి గాలి నింపడాన్ని 'తాఛీ' అంటారు, తా అంటే కొట్టు, ఛీ అంటే గాలి. "అమ్మా, తాతయ్య కూడా గాలిని కొడుతున్నారు!" అంటూ ఆ సాయంత్రమంతా ఇంట్లో ఎవరు 'కొట్టు' అన్నా నోటుబుక్కులో రాసుకుంది. పదకొండు దొరికాయి, వాటిలో నాలుగు చైనీస్‌లోనూ తానే.